సంతకానికి రావలసిన మనిషి

ఆ సోమవారం ఉదయం వర్సోనో అనుకున్న పని చిన్నదే. కలిజంబె గ్రామ కార్యాలయం ఆస్తులన్నిటికీ కొత్త నంబరు చీటీలు అంటించాలి. బల్లలు, బీరువాలు, పెళ్లికీ చావుకీ అరువిచ్చే ప్లాస్టిక్ కుర్చీలు. ఆస్తుల గుమాస్తా అతనే. చెయ్యి ఒక్క వస్తువు దగ్గరే ఆగింది. అది మహిళా సంఘం కుట్టుమిషను. అతని ఇంట్లోనే ఉంది. రిజిస్టరులో అతని భార్య రుమియాతి పేరు మీద ఉంది.

రుమియాతి తైవాన్‌లో ఒక ముసలావిడకు సేవ చేయడానికి వెళ్లి నాలుగేళ్లయింది. వెళ్లేనాడు అతని బాటిక్ చొక్కాకు ఒక చెయ్యి కుట్టి, రెండోది సూది కిందే వదిలేసింది. "వచ్చాక కుడతాలే" అంది. వర్సోనో ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి మిషనుకు నూనె వేస్తాడు. చొక్కా మాత్రం కదపడు. వస్తువు ఎవరి పేరున ఉందో వారు ఊళ్లో లేకపోతే దాన్ని గోదాముకు చేర్చాలని నియమం. ఆ నియమాన్ని ఊరికంతా చదివి వినిపించిందీ అతనే.

పై కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన హర్తాదిగారు పదింటికే వర్సోనో ఇంటికొచ్చి మిషను ముందు నిలబడ్డారు.

"రుమియాతిగారిని పిలవండి. సంతకం కావాలి."

"లోపల పడుకుందండీ. ఒంట్లో బాగోలేదు."

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో వర్సోనోకే తెలియలేదు.

"అయ్యో! కంగారేం లేదు. శుక్రవారం దాకా మీ ఊళ్లోనే ఉంటాను. లేచాకే చెయ్యమనండి."

కంచె అవతల బట్టలారేస్తున్న పొరుగింటి సుమార్నికి ఆ మాట చాలు. "పాపం పిల్ల, జబ్బు చేసి తిరిగొచ్చి, సిగ్గుపడి దాక్కుంది" అని తేల్చేసింది. రోగిని ఒంటరిగా వెళ్లి పలకరించడం ఆ ఊళ్లో మర్యాద కాదు. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా కమలాపళ్లూ పంచదారా టీపొడీ పట్టుకుని దిగింది.

"తలుపు తియ్యి తమ్ముడూ, ఒక్కసారి మొహం చూసి పోతాం" అంది సుమార్ని.

"ఇప్పుడే నిద్రపట్టింది అక్కా."

"పొద్దుట్నుంచీ నిద్రేనా? అంతలా ముదిరిందా!" అని ఆవిడ అక్కడే ఏడుపందుకుంది.

నిజం చెప్పేద్దామంటే, ఆ జనం మధ్యలోనే హర్తాదిగారు అరటిపళ్ల గెల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇమాముగారు వరండాలోనే దువా మొదలుపెట్టారు. "ఈ ఇల్లాలు మళ్లీ తన ఇంట్లో తిరగాలి" అన్నారు. అందరికన్నా గట్టిగా "ఆమీన్" అన్నది వర్సోనోనే. అబద్ధం మీద చేసిన దువా పైకి చేరుతుందా అని అతనికి సందేహం కలిగింది. కోరిక మాత్రం నిజమే కదా అనుకున్నాడు.

ఎవరో ఆ దువాను ఫోటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో రుమియాతి కూడా ఉంది. జనం వెళ్లీ వెళ్లకముందే ఫోను మోగింది.

"నేనిక్కడ ముసలావిడకి గంజి తాగిస్తున్నా. అక్కడ నా మంచమ్మీద పడుకున్నదెవతి?"

"ఎవరూ లేరే!"

"వీధంతా వచ్చి దువా చేసిపోతే, ఎవరూ లేరా?"

"ఒట్టు. నువ్వు లేవు. అంతే."

అవతల గంజి గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నాలుగేళ్లు సెలవడగడానికి నోరు రాలేదు. ఇవాళొచ్చింది" అంది రుమియాతి. "గురువారం విమానం. నేనొచ్చి కళ్లారా చూసేదాకా ఆవిణ్ణి కదలనివ్వకు."

శుక్రవారం సంతకానికి మనిషి దొరికింది. ఇక గురువారం ఆమెకు చూపించడానికి ఒక రోగి దొరకాలి.