సున్నా ఏళ్ళ అనుభవం

ఆ రోజు ప్రూఫ్ రీడరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిలోగా ఎన్నికల పోస్టరు ప్రూఫు చూసి సంతకం పెట్టేయాలి. పదకొండుకు అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇరవై రెండేళ్ళుగా ఒకే ప్రెస్సులో అచ్చుతప్పులు ఏరుతున్న మనిషికి ఒక్క పోస్టరు ఎంత పని?

పోస్టరు మీద అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న పెద్దమనిషి ఫొటో, పక్కన ఎర్రటి అక్షరాల్లో ‘30 ఏళ్ళ రాజకీయ అనుభవం’. అందులో ‘అనుభవం’ కాస్తా ‘అనుభావం’ అయి కూర్చుంది. ఆవిడ దీర్ఘం కొట్టేసి పంపింది. డిజైనరు దీర్ఘం తీసేసి, పనిలో పనిగా ఫొటో కొంచెం పెద్దది చేశాడు. రెండోసారి వచ్చిన ప్రూఫులో ఆవిడ తను దిద్దిన మాట ఒక్కటే చూసుకుంది. దీర్ఘం పోయింది. సంతకం గీకి, బ్యాగు తగిలించుకుని పరిగెత్తింది.

నాలుగో రోజు కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, దుకాణం గుమ్మంలో నిలబెట్టి అత్తగారిని అడిగింది.

“ఎదురుగోడ మీద ఏముందో చదవండి అత్తయ్యా.”

“సున్నా ఏళ్ళ రాజకీయ అనుభవం,” గడగడా చదివింది అత్తగారు.

“సరిగ్గా చూడండి. ముప్పై.”

“నా కళ్ళజోడు కొత్తది అమ్మాయ్. పాతది నీదే.”

ఆవిడ చూసింది. పెద్దమనిషి కుడి భుజం హాయిగా పెరిగి, మూడును పూర్తిగా మింగేసింది. మిగిలిన సున్నా గోడంతా పరుచుకుని ఉంది. పక్క గోడ మీదా అదే. బస్సు వెనకా అదే. అచ్చయినవి యాభై వేలు.

“పాపం, ఉన్నమాట చెప్పుకున్నాడు. నా ఓటు ఈయనకే,” అంది అత్తగారు.

మధ్యాహ్నానికల్లా ఆవిడ పార్టీ ఆఫీసులో ఉంది. దారి పొడుగునా తప్పు ఒప్పుకునే వాక్యం కూర్చుకుంటూనే వచ్చింది. లోపల ఫోన్లు ఒకటే మోత. ప్రచార కార్యదర్శి రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని, కళ్ళతోనే ఆవిడను కూర్చోమన్నాడు.

“సార్, ఆ పోస్టరు ప్రూఫు చూసింది నేనే. మూడు...”

“ఆ మాట మళ్ళీ ఎత్తారంటే బాగుండదు,” అన్నాడతను తలుపు వేస్తూ. “పొద్దుటినుంచి నాలుగొందల ఫోన్లు. మంత్రి కానివాడు, కుర్చీ రుచి చూడనివాడు, ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడంటున్నారు. కాలేజీ పిల్లలు చెంపల మీద సున్నాలు వేసుకుని తిరుగుతున్నారు.”

“కానీ ఆయన మంత్రిగా చేశారు కదండీ?”

“చేశారు. ఎవరికైనా గుర్తుందా?”

ఆ మాటలో అబద్ధం లేదు. పెద్దమనిషి ఆ ముప్పై ఏళ్ళలో ఇరవై ఏళ్ళు నీటిపారుదల మంత్రిగా ఫైళ్ళ మధ్యే గడిపాడు. పత్రికల్లో ఫొటో పడేంత మంచి గానీ చెడు గానీ చేయలేదని పేరు. ఆయన్ను అభ్యర్థిగా ఎంచుకున్నదీ అందుకే.

ఆయన గది మూలన కూర్చుని ఉన్నాడు. ఇద్దరు కార్యకర్తలు ఆయన ప్రమాణ స్వీకారం ఫొటోను మేకు నుంచి దించి బీరువాలో పెడుతుంటే అలాగే చూస్తున్నాడు.

“ఇంటావిడ ఫోన్ చేసిందమ్మా,” అన్నాడు ప్రూఫ్ రీడరమ్మతో. “ముప్పై ఏళ్ళు వేళకి ఇంటికి రాలేదు కదా, మరి ఎక్కడికి వెళ్ళేవారని అడిగింది.”



ఎదుటి పక్షం నిజం బయట పెడుతుందని ఆవిడ రోజూ గుండె గుప్పిట్లో పెట్టుకుని పేపరు విప్పేది. వాళ్ళు పెట్టలేదు. ‘ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది’ అని వాళ్ళే చాటితే ఆయనకు ప్రచారం చేసినట్టవుతుందని జంకారు. వాళ్ళ అభ్యర్థి వ్యాయామశాలల యజమాని. నిజంగానే రాజకీయం ఎరగని కొత్తవాడు. మొన్నటిదాకా ‘నేను కొత్త’ అన్నదే అతని నినాదం. సున్నాకంటే కిందికి దిగే దారి లేక, ‘అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగా అయిదేళ్ళ అపార అనుభవం’ అని కొత్త పోస్టరు వేయించాడు. ఊరి గోడల మీద అనుభవజ్ఞుడు పసివాడయ్యాడు, పసివాడు తలపండినవాడయ్యాడు. ప్రెస్సు యజమాని మాత్రం ప్రూఫ్ రీడరమ్మ వంక చూడటం మానేశాడు. ఎన్నికలయ్యాక ఆవిడ సంగతి తేలుస్తానని కంపోజింగు గదిలో అన్నాడట.

పోలింగుకు మూడు రోజులుందనగా ఇద్దరు అభ్యర్థులకూ టీవీలో చర్చ పెట్టారు. కార్యదర్శి కారు పంపి మరీ ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టాడు.

“ఎక్కడైనా బెడిసికొడితే లేచి, తప్పు నాదేనని అనాలి. అంతే,” అని చెవిలో చెప్పాడు.

మొదటి అరగంట గండం గడిచింది. ఏదడిగినా పెద్దమనిషి, “నాకు తెలియదండీ, నేర్చుకుంటాను,” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు చర్చ నడిపేవాడు అడిగాడు.

“రిజర్వాయరు నిండింది. గేటు ఇరుక్కుపోయింది. కింద ఊళ్ళున్నాయి. మొదట ఏం చేస్తారు?”

“వాచ్‌మన్‌ని పిలుస్తాను,” అన్నాడు వ్యాయామశాలల యజమాని. “మా బిల్డింగులో వాల్వు ఇరుక్కున్నా వాడే చూస్తాడు.”

పెద్దమనిషి ముఖం ఎర్రబడింది. కార్యదర్శి కింద నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, వద్దు వద్దని.

“గేటు సంగతి తర్వాత,” అన్నాడు పెద్దమనిషి. “ముందు పల్లపు వీధులు ఖాళీ చేయించాలి. ఎవరి సంతకం కోసమూ ఆగకూడదు. నేను ఆగాను. మంత్రినైన మొదటి ఏడే. పైనుంచి కాగితం రావాలని రెండు గంటలు కూర్చున్నాను. పదకొండు మంది పోయారు. వరదే చంపిందని అందరూ అనుకున్నారు. ఆ తర్వాత పందొమ్మిది వానాకాలాలు చూశాను, ఎప్పుడూ ఆగలేదు. ఒక్క ప్రాణం పోలేదు. నాకు అనుభవం లేదని ఇక నేను అనలేను. పోస్టరు మీద ఉన్నది అచ్చుతప్పు.”

కార్యదర్శి మోచేత్తో పొడిచేలోపే ఆవిడ లేచి నిలబడింది.

“తప్పు నాదండీ. దీర్ఘం చూసుకున్నాను, అంకె చూసుకోలేదు.”

చర్చ నడిపేవాడు ఆవిడను వదిలి పెద్దమనిషి వైపు తిరిగాడు. “అచ్చుతప్పు ఆవిడది. మరి ఇన్నాళ్ళూ దాచింది ఎవరు?”

“నేనే. ఓట్లొస్తున్నాయని.” అన్నాడాయన. “అదీ ముప్పై ఏళ్ళ అనుభవమే.”

పోలింగు రోజు అత్తగారు వేలి మీద సిరా చుక్కతో ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఎవరికి వేశారత్తయ్యా?”

“ఆ వాచ్‌మన్ అబ్బాయికే. పెద్దాయన పనిమంతుడే, కాదనను. కానీ ఇన్నాళ్ళు నాతో అబద్ధమాడాడు కదే. ఈ అబ్బాయికి అబద్ధమాడటం కూడా వచ్చినట్టు లేదు.”

చాలామంది అలాగే అనుకున్నట్టున్నారు. పెద్దమనిషి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. మర్నాడు ప్రెస్సు యజమాని ప్రూఫ్ రీడరమ్మ లెక్క తేల్చేద్దామని పిలిచేసరికి, పెద్దమనిషే ఫోన్ చేశాడు.

“ఆవిడను తీసేయకండి. నేను మొదటి ఏడు చేసిన తప్పుకు నన్నెవరూ తీసేయలేదు. ఇకమీదట అంకెలు ఆవిడ చూసినట్టు ఇంకెవరూ చూడరు.”

కొత్త అధ్యక్షుడు కుర్చీ ఎక్కిన వారానికి వానలు ముంచెత్తాయి. తెల్లవారుతుండగానే అధ్యక్షుడి కారు పెద్దమనిషి గుమ్మంలో ఆగింది. అధ్యక్షుడు గొడుగైనా లేకుండా దిగాడు.

“అన్నా, గేటు ఇరుక్కుంది. నువ్వు రావాలి,” అన్నాడు.

పెద్దమనిషి చెప్పులు తొడుక్కుని అలాగే కారెక్కాడు. సాయంత్రానికి పల్లపు వీధులన్నీ ఖాళీ అయ్యాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

నెల తిరక్కుండా ఒక ప్రభుత్వ ప్రకటన ప్రూఫు కోసం ఆవిడ బల్ల మీదికొచ్చింది. అధ్యక్షుడికి సలహాదారు కావాలట. పరిపాలనలో కనీసం పాతికేళ్ళ అనుభవం తప్పనిసరి అని ఉంది. మరి అధ్యక్షుడికి ఎన్నేళ్ళ అనుభవం కావాలోనని అనుమానం వచ్చి ఆవిడ చట్టం పుస్తకం తెప్పించి, అధ్యక్షుడి అర్హతల పేజీ అచ్చుతప్పులేమైనా ఉన్నాయేమోనని మూడుసార్లు చదివింది.

అక్కడ ముప్పై అయిదేళ్ళ వయసు నిండితే చాలని ఉంది.