చింతపండుతో తోమిన తూటాలు

ఆ శనివారం కాలేబు చేయవలసినవి రెండే పనులు. నాలుగింటికల్లా రెండు ట్రేల ఖాళీ తూటాలు క్లబ్బు సెక్రటరీకి అప్పగించడం, ఐదింటికి భార్య హదస్సాను మెట్రోలో బేగంపేట తీసుకువెళ్ళి ఫలూదా తినిపించడం. ఐదు వారాల కాపురంలో ఇదే మొదటి షికారు.

కాలేబు సికింద్రాబాదులో ఒక షూటింగ్ క్లబ్బుకు స్టోర్‌కీపరు. క్లబ్బు వెనక క్వార్టరే వాళ్ళ ఇల్లు. పేల్చిన పిస్తోలు తూటాల ఇత్తడి గొట్టాలను క్లబ్బులో మళ్ళీ నింపుతారు. వాటిని వేరుచేసే పని అతనిది.

"రెండూ ఒకటే ఎత్తు, ఒకటే లావు," అన్నాడు వరండాలో కూర్చుని హదస్సాకు రెండు గొట్టాలు చూపిస్తూ. "కింద ఈ గుంట ఉన్నది చూడు, నిప్పు పుట్టించే ప్రైమర్ ఇండ్ల కూసుంటది. కొన్నిటికి పెద్దది, కొన్నిటికి చిన్నది. కలిసినయంటే మిషిన్ పట్టేస్తది. ఇంకోసారి గట్లయితే నన్ను గేటుకాడ కూసోబెడతా అన్నడు సారు."

హదస్సా గుంట చూడలేదు. దాన్ని చూపిస్తున్న వేలును చూసింది. ఎంత చక్కటి వేలు!

అతను రేంజికి వెళ్ళగానే ట్రేలు నల్లగా కనిపించి ఆమెకు జాలేసింది. రెండూ ఒకే బకెట్లో గుమ్మరించి, చింతపండుతో తోమి, దుప్పటి మీద ఎండబెట్టింది. వరండా అంతా చిన్న చిన్న సూర్యుళ్ళు! ఆ మెరుపులో ఆమె తేలిపోతుండగా పక్కింటి కమలాబాయి వచ్చింది.

"దేవుని ముందట అగర్బత్తీలు గుచ్చనీకె మస్తుగున్నయి బిడ్డా. జెర ఎనిమిది తీస్కపోనా?"

హదస్సా అప్పటికి మనసులో ఫలూదా తింటోంది. తల ఊపేసింది.

మూడింటికి కాలేబు వచ్చాడు.

"ట్రేలేవి?"

"రెండూ కలిపి తోమిన. ఎట్ల మెరుస్తున్నయో చూడుండ్రి!"

కాలేబు చూశాడు. చూసి మెట్టు మీద కూలబడ్డాడు. "కొలిచే గేజి సారు దగ్గరున్నది. పొద్దుగాల కంటితోనే ఏరిన. మళ్ల ఏరాలంటే రాత్రయితది."

ఆమె కళ్ళనిండా నీళ్ళతో వంగింది. మెడలో గొలుసు జారి, పుస్తె కింద వేలాడే బంగారు పూస ఒక గొట్టం అడుగున గుంటలో చక్కగా కూర్చుంది. పక్కదాని మీద పెడితే దిగలేదు.

"ఏమండీ... ఇది పెద్దది. ఇది చిన్నది!"

గొలుసు తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. అందుకని తలకు తల ఆనించుకుని ఇద్దరూ ఒక్కొక్కటే కొలిచారు. కాలేబుకు పని ఇంత బాగుంటుందని అంతవరకు తెలియదు.

చివరిది ట్రేలో పడేసరికి సెక్రటరీ రామభద్రరావు గుప్పిట్లో ఎనిమిది గొట్టాలతో ఎదురుగా నిలబడ్డాడు. వాటిలోంచి పొగ వస్తోంది.

"గేటు దగ్గర హనుమంతుడి పటం ముందున్నాయి. నువ్వేనా?"

హదస్సా వాటిని అందుకుని అగర్బత్తీలు తీసేసి, అటు తిరిగి ఎనిమిదీ పూసతో కొలిచి ట్రేల్లో వేసి, గొలుసు కొంగులో దాచేసింది.

రామభద్రరావు జేబులోంచి గేజి తీసి చాలాసేపు పరీక్షించి, లెక్కపెట్టాడు. పొద్దున కాలేబు పంపిన చీటీ చూశాడు.

"చిన్నవి రెండు వందలని రాశావు. రెండు వందల ఏడున్నాయి. అంటే పొద్దున ఏడు పెద్దవాటిలో కలిసిపోయాయి. మిషను మళ్ళీ పట్టేసేది!"

గేటు దగ్గరి కుర్చీ కాలేబు కళ్ళముందు మెదిలింది.

"అనుమానం వచ్చి మళ్ళీ ఏరావన్నమాట. కడిగి, ధూపం కూడా వేశావు. క్రైస్తవుడివైనా పనిముట్ల మీద ఎంత భక్తయ్యా! అవునూ, గేజి నా దగ్గరుంటే దేనితో కొలిచారు?"

"ఇంట్ల ఒకటున్నది సార్."

ఐదింటి మెట్రో అందింది. ఫలూదా ఒకటే తెప్పించుకుని రెండు చెంచాలు అడిగారు.

సోమవారం నోటీసు బోర్డులో సెక్రటరీ సంతకంతో ఒక కాగితం కనిపించింది: స్టోర్‌కీపరు ఇంటినుంచి తెచ్చే కొలత పరికరాన్ని రోజూ పని కాగానే ఆఫీసు బీరువాలో అప్పగించవలెను.