పదకొండూ ఇరవై నుంచి పదకొండూ ఇరవైరెండు దాకా

నవంబరు ఇరవై మూడో తేదీన కొండాలమ్మపేట పురపాలక సంఘం పరిధిలో మాట్లాడుకోవడానికి ఇక రెండే రెండు నిమిషాలు మిగిలాయి. అవి ఉదయం పదకొండూ ఇరవైకి మొదలై పదకొండూ ఇరవైరెండుకి అయిపోతాయి. మిగతా ఇరవైమూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలూ ఊరి చరిత్రలోని ఏడువందల పంతొమ్మిది ఘట్టాల స్మరణకు, ఘట్టానికి రెండు నిమిషాల మౌనం చొప్పున, ఎప్పుడో కేటాయించేశారు.

ఒక ఊరి చరిత్రంతా ఒకే తేదీన ఎలా జరిగిందని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. అడగడం తేలిక. వెనకటి తుపానులో రికార్డు గది మునిగి పాత కాగితాలన్నీ ముద్దయిపోతే, రికార్డు గుమాస్తా తాతబ్బాయి గారు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, గుర్తున్నవన్నీ చెప్పించి, కొత్త రిజిస్టరు రాశారు. సంవత్సరం కలంతో వేశారు. తేదీకి మాత్రం రబ్బరు ముద్ర వాడారు. ఆ ముద్రలో తేదీ తిప్పే చక్రం నీళ్ళలో నాని, నవంబరు ఇరవై మూడు దగ్గర బిగుసుకుపోయింది. కొత్త ముద్ర కోసం పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. పని ఆపితే మెమో వస్తుంది కాబట్టి ఆయన ఆ ముద్రే కొట్టుకుంటూ పోయారు. అలా ఊరికి మొదటి బస్సొచ్చిందీ, కాలువ గట్టు తెగిందీ, హైస్కూలు పెట్టిందీ, ఆ హైస్కూలు కప్పు కూలిందీ అన్నీ నవంబరు ఇరవై మూడునే. కాదన్నవాళ్ళని రుజువు తెమ్మన్నారు. రుజువు ఉండాల్సింది రికార్డు గదిలోనే కనుక ఎవరూ తేలేదు.

మౌనం నియమాలు సులువుగానే ఉంటాయి. వీధికొక పరిశీలకుడు ఎర్రజెండా పట్టుకుని నిలబడతాడు. ఎవరి నోటి నుంచైనా శబ్దం వస్తే ఆ ఘట్టానికి మౌనభంగమైనట్టు లెక్క. దాన్ని ఖాళీగా ఉన్న రెండు నిమిషాల్లో మళ్ళీ పాటించాలి. ఖాళీ లేకపోతే ఇరవై నాలుగో తేదీలోంచి కోస్తారు. నిరుడు పొద్దున్నే ఏడింటికి ఒక పెద్దమనిషి గడప తగిలి "అమ్మా!" అన్నాడు. ఊరుమ్మడి రెండు నిమిషాలూ దానికిందే పోయాయి. ఆయన్ని నాలుగు తిట్లు తిడదామన్నా మర్నాటి దాకా ఆగాల్సొచ్చింది.

పసిపిల్లలున్న వాళ్ళు ముందురోజే పిల్లల్ని పొలిమేర దాటించేస్తారు, నిబంధనల్లో వయసు మినహాయింపు లేదు కనుక. ఆ రోజు బస్సులు తిరగవు. కండక్టరు ఊరి పేరు అరవందే డ్రైవరుకి బండి కదిలించే అలవాటు లేదు. పదకొండూ ఇరవై కొట్టగానే మాత్రం, అబ్బో, ఊరు ఊరంతా ఒక్కసారి నోరు తెరుస్తుంది. కూరగాయల బేరాలూ, పెళ్ళి మాటలూ, సరిహద్దు గోడల తగువులూ అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే. ఎవరు ఏమంటున్నారో ఎవరికీ వినబడదు. అయినా అందరికీ ఒళ్ళు తేలికపడుతుంది.

ఈ మౌనాల పట్టీ చూసే గుమాస్తా వీరభద్రం. ఏడువందల పంతొమ్మిది ఘట్టాలూ వరసగా కంఠతా వచ్చు. పదిహేనేళ్ళ సర్వీసులో ఒక్క నిమిషం ఎక్కువా తక్కువా రానివ్వలేదు. అలాంటివాడికి ఈ ఏడు డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. భార్య మంగతాయారుకి పురుడు నవంబరు ఇరవై మూడున వస్తుందని అందులో ఉంది.

మంగతాయారు ఆ చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. ఎనిమిదేళ్ళ కిందట మొదటి కానుపులో బిడ్డ ఏడవలేదు. నర్సులు కాళ్ళు పట్టుకుని తట్టారు, చన్నీళ్ళు చల్లారు, ఏడవలేదు. ఆవిడ ఆ గదిలో చెవులు రిక్కించుకుని అలా పడుకునే ఉంది. అప్పటినుంచి ఎవరింట్లో పసిపిల్ల ఏడ్చినా పని ఆపేసి వింటుంది.

"ఏవండీ, నాకు ఇంకేం వద్దండీ. ఒక్కసారి ఏడుపు వినాలండీ. గట్టిగా, పక్కవీధికి వినబడేలా ఏడవాలి. అంతే."

"ఇంకో ఊరు పోదామా?"

"డాక్టరమ్మ ప్రయాణం చెయ్యొద్దంది కదండీ. ఇక్కడే అవ్వాలి. మీ చేతిలో రెండు నిమిషాలున్నాయంటారు కదా, అవి ఎవరికీ ఇవ్వకండి."

వీరభద్రం అలాగేనన్నాడు. అన్నాడు గానీ ఆ రెండు నిమిషాల కోసం అప్పటికే దరఖాస్తు వచ్చి అతని బల్ల మీద ఉంది.

దరఖాస్తుదారు రైసుమిల్లు పుల్లపరాజు గారు. వారి తండ్రిగారు మొట్టమొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్న దినాన్ని ఏడువందల ఇరవయ్యో ఘట్టంగా గుర్తించాలని కోరారు. అది మంజూరైతే తేదీ నిండిపోతుంది. సూపరింటెండెంటు సోమేశ్వర్రావు గారికి ఆ నిండుదనం మీద చాలా ఆశ ఉంది. రాష్ట్రంలో పూర్తిగా నిండిన తేదీ ఇంకెక్కడా లేదని ఆయన ధీమా.

"ఏవయ్యా వీరభద్రం, ఆ కళ్ళజోడు ఫైలు ఇంకా కదల్లేదేంటి?"

"ఆయ్, చూస్తున్నానండి. చిన్న కొర్రీ ఉందండి."

వీరభద్రం జీవితంలో ఎవరి ఫైలూ ఆపి ఎరగడు. కానీ కొర్రీ ఎలా వేయాలో ఆఫీసులో అందరికంటే బాగా తెలుసు. సెప్టెంబరులో, సదరు కళ్ళజోడు దూరపు చూపుకా దగ్గరి చూపుకా తెలుపవలెనని రాశాడు. రెంటికీ అని జవాబొచ్చింది. అక్టోబరులో, కళ్ళజోడుతో ఉన్న ఫొటో జతచేశారు గానీ లేకుండా ఉన్నది జతచేయలేదన్నాడు. ఆ ఫొటో కూడా వచ్చింది. దసరా వెళ్ళాక, ఈ రెండు ఫొటోల్లో ఉన్నది ఒకే మనిషని ఆ మనిషి చేతే సంతకం చేయించి పంపాలన్నాడు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది. పుల్లపరాజు గారు నిట్టూర్చి, అది తెచ్చేందుకు గడువు కావాలని రాసిచ్చారు. గడువు నవంబరు ముప్పై దాకా మంజూరు చేస్తూ వీరభద్రం సంతకం పెట్టాడు.

ఇరవై రెండో తేదీ సాయంత్రమే మంగతాయారుని ఆసుపత్రిలో చేర్చారు. తెల్లవారేసరికి నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజు ఆసుపత్రిలో అందరి మెడల్లోనూ పలకలు వేలాడుతుంటాయి. సిస్టర్ గ్రేసమ్మ తన పలక మీద పెద్ద అక్షరాలతో "అరవకు తల్లీ" అని రాసి చూపించింది. కిందన చిన్న అక్షరాలతో "నీ బిడ్డ కోసమే" అని రాసింది.

ఆ సంగతి మంగతాయారుకి ఒకరు చెప్పక్కర్లేదు. తను ఒక్క కేక పెట్టిందా, ఆ ఘట్టానికి మళ్ళీ మౌనం పాటించాలి, అది పదకొండూ ఇరవైలోకి వచ్చి కూర్చుంటుంది. బిడ్డకి ఏడ్చే చోటుండదు. ఆవిడ తువ్వాలు మడిచి నోట్లో పెట్టుకుంది. మొదటి బస్సు ఘట్టం దాటించింది. కాలువ గట్టు తెగిన ఘట్టం దాటించింది. హైస్కూలు కప్పు దగ్గర తువ్వాలు చిరిగితే గ్రేసమ్మ ఇంకోటి ఇచ్చింది. వీరభద్రం వరండాలో తలవంచుకుని నిలబడి, ఒక్కో ఘట్టం అవగానే గోడ మీద గోటితో గీత గీస్తున్నాడు. పాపం, ఆ గీతలు నాలుగు వరసలయ్యాయి.

పదకొండూ పన్నెండుకి గ్రేసమ్మ బయటికొచ్చి "ఇంకెంతసేపు?" అని పలక చూపించింది. ఎనిమిదని అతను వేళ్ళు చూపించాడు. ఆవిడ తల పట్టుకుంది. లోపలికెళ్ళి "ఓర్చుకో" అని రాసింది. మంగతాయారు ఎలా ఓర్చుకుందో ఏ రిజిస్టరులోనూ లేదు. ఆవిడ కళ్ళు మాత్రం గోడగడియారం మీదే ఉన్నాయి.

సరిగ్గా పదకొండూ ఇరవైకి మునిసిపల్ సైరన్ కూసింది. ఊరు ఊరంతా మాట్లాడటానికి నోరు తెరిచింది. అదే క్షణాన బిడ్డ పుట్టింది, ఆడపిల్ల, పుడుతూనే ఏడ్చింది.

అమ్మో, ఏం ఏడుపండీ అది! ఆసుపత్రి గోడలు దాటి, మార్కెట్ దాటి, కాలువ అవతలికి వినబడింది. ఆ తేదీన ఆ ఊళ్ళో పసిపిల్ల ఏడుపు విని ఎన్నేళ్ళయిందో! బేరం మొదలెట్టబోయిన ఆవిడ వంకాయ చేతిలో పట్టుకుని ఆగిపోయింది. సరిహద్దు గోడ దగ్గర అన్నదమ్ములిద్దరూ ఎత్తిన చేతులు దించేశారు. పుల్లపరాజు గారు కారు దిగి నిలబడ్డారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఊరంతా నోరు మూసుకుని ఆ ఏడుపు విన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

లోపల మంగతాయారు నోట్లోంచి తువ్వాలు తీసేసి, "ఏడుస్తోంది, ఏవండీ, ఏడుస్తోంది!" అని నవ్వుతూ ఏడ్చింది. వీరభద్రం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అంత సంతోషం ఎలా పడాలో తెలియక వాచీ చూసుకున్నాడు. ఇంకా పది సెకన్లున్నాయనగా గ్రేసమ్మ బిడ్డకి రొమ్ము పట్టించింది. పదకొండూ ఇరవైరెండుకి సైరన్ మళ్ళీ కూసింది. తర్వాతి ఘట్టం సక్రమంగా మొదలైంది.

మర్నాడు వీరభద్రం మిఠాయి పొట్లంతో ఆఫీసుకెళ్ళేసరికి సోమేశ్వర్రావు గారు లేచొచ్చి భుజం తట్టారు.

"శభాష్ వీరభద్రం! మన ఊరి పేరు నిలబెట్టింది నీ కూతురు."

"ఆయ్, ఏముందండి నాదీ."

"పరిశీలకులందరి రిపోర్టులూ వచ్చాయి. పదకొండూ ఇరవై నుంచి ఇరవైరెండు దాకా వీధుల్లో ఒక్క పెద్దమనిషి నోరెత్తలేదట. పాప ఒక్కతే. అంటే జనం తమంతట తామే రెండు నిమిషాలు మౌనం పాటించినట్టు కాదూ? ఎవరో ఆజ్ఞాపించి పాటించింది కాదయ్యా ఇది. నిజమైన స్మరణ."

ఆయన కాగితం అతని ముందు పెట్టారు. 'ఏడువందల ఇరవయ్యో ఘట్టం. ఈ దినమున ఈ పట్టణమందు ఒక శిశువు ఏడ్చినది.' పుల్లపరాజు గారు కూడా పెద్దమనసుతో తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. స్మరణ విధానం అన్న గడిలో 'మౌనము' అని అచ్చులోనే ఉంది. అది ఎప్పటినుంచో ఉన్న ఫారమే.

వీరభద్రం కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఏదో కొర్రీ వేయాలనిపించింది. వేలు వరస వెంట జరుపుకుంటూ పోయాడు. తప్పేమీ కనబడలేదు. ఊరి రిజిస్టరులో కూతురు చేరుతోంది కదా, ఏ తండ్రికి మాత్రం గర్వం ఉండదు! సంతకం పెట్టి, పక్కనే ఉన్న పాత ముద్ర కొట్టాడు. ఈసారి ముద్రలో ఉన్న తేదీ నిజమైనదే. అతను మిఠాయి పంచాడు, అందరూ తిన్నారు.

తేదీ నిండింది. పై ఆఫీసు నుంచి అభినందన ఉత్తరం వచ్చింది. ఇరవై నాలుగో తేదీకి దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది.

పాపకి ఏడాది నిండింది. పసివాళ్ళందరినీ ముందురోజే ఊరు దాటించారు గానీ ఈ పాపని దాటించలేదు. ముఖ్య అతిథి లేకుండా స్మరణ ఏమిటి? మునిసిపల్ ఆఫీసు ముందు చిన్న వేదిక వేశారు. మంగతాయారు పట్టుచీర కట్టుకుని, పాపకి కొత్త గౌను తొడిగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అర్ధరాత్రి నుంచి ఎవరూ మాట్లాడలేదు. పదకొండూ ఇరవైకి సైరన్ కూసింది. వేదిక కింద వందలమంది, నిరుటి ఏడుపుని తలుచుకుంటూ తలలు వంచారు.

అంతమంది ఒక్కసారి కదలకుండా నిలబడటం చూసి పాప బెదిరింది. కింది పెదవి వణికింది. ముక్కు ఎర్రబడింది. గుండెనిండా ఊపిరి తీసుకుంది. సోమేశ్వర్రావు గారు తలెత్తి వీరభద్రం వంక చూశారు. వీరభద్రం మంగతాయారు వంక చూశాడు. వీధి చివర పరిశీలకుడు జెండా సర్దుకున్నాడు.

మంగతాయారు పాప నోటి మీద అరచెయ్యి పెట్టింది. గట్టిగా కాదు, ముక్కుకి గాలాడేలా చూసుకుని, ప్రేమగానే పెట్టింది. అలవాటు కొద్దీ చెవులు రిక్కించింది. అరచేతి కింద పాప కాసేపు కొట్టుకుంది, తర్వాత తల్లి మొహం చూసి నెమ్మదించింది. రెండో సైరన్ కూశాక కూడా మంగతాయారు చెయ్యి తియ్యలేదు. తర్వాత ఇంకా మూడువందల డెబ్బై తొమ్మిది ఘట్టాలున్నాయి.

వీరభద్రం రిజిస్టరు తెరిచి, ఏడువందల ఇరవయ్యో ఘట్టం ఎదురుగా, 'సక్రమముగా జరిగినది' అని రాశాడు.