నీటిశిస్తు సంఘానికి సామర్థ్యం పెంచిన కథ

ఒక పెద్ద అడవిలో చిన్న మడుగు ఒకటి ఉండేది. ఎండాకాలం ఆ చుట్టుపక్కల మిగిలే నీళ్ళు అవే. ఆ మడుగుకి గుర్రపుడెక్క పీడ. ఒక్క దుబ్బును చూసీ చూడనట్టు వదిలేస్తే చాలు, నాలుగు రోజుల్లో దాని చుట్టపక్కాలంతా దిగిపోతారు.

అందుకని అక్కడ ఒక ఆచారం పెట్టుకున్నారు. నీళ్ళు తాగినవాళ్ళు, పులైనా పిల్లైనా సరే, పోతూ పోతూ నోటితో ఒక మొక్క పీకి గట్టున పడేయాలి. దానికి నీటిశిస్తు అని పేరు. వసూలు చేసేది ఏదుపంది సూదమ్మ.

"ఏం దున్నన్నా, కడుపు నిండిందా?"

"నిండింది వదినా."

"మరి శిస్తు?"

"రేపు రెండు పీకుతాలే."

సూదమ్మ వెనక్కి తిరిగి ముళ్ళు లేపేది. దున్న ఆ రెండూ ఇవాళే పీకేవాడు.

మడుగు గట్టునే బొరియలో నీటికుక్క వరాలు పిల్లలతో కాపురం ఉండేది. మిగతావాళ్ళకి మడుగు దాహం తీర్చుకునే చోటు. వరాలుకి ఇల్లూ అదే, వంటిల్లూ అదే. గుర్రపుడెక్క కమ్మేస్తే చేపలు చస్తాయి, చేపలు చస్తే పిల్లలు పస్తు. అందుకే నీళ్ళ అడుగున వేళ్ళు కొరికే పని ఆమె పెట్టుకుంది. కొండముచ్చు కామేశం చెట్టెక్కి, శిస్తు ఎగ్గొట్టి జారుకునేవాళ్ళ పేర్లు అడవంతా వినబడేలా అరిచేవాడు.

సంఘమంటే ఈ ముగ్గురే. దానికి బోర్డు లేదు, పేరు లేదు. మడుగు మాత్రం అద్దంలా ఉండేది.

ఆ చలికాలం దూరదేశం నుంచి గూడబాతు గారు దిగారు. ఏటా వచ్చేవారే. ఈసారి నిపుణుడి హోదాలో వచ్చారు. గొంతు కింద సంచీ నిండా మాటలు. మాటలు అయిపోయినప్పుడు చేపలు.

"మీ పని అద్భుతం," అన్నారు మడుగు చూసి. "కానీ మీ సంస్థకు సామర్థ్యం లేదు."

"పని జరుగుతోంది కదండీ?" అంది వరాలు.

"అదే నా బాధ. సామర్థ్యం లేకుండానే జరుగుతోంది! ఇలా ఎంతకాలం?"

ఈ ముక్క కామేశం తలకెక్కింది. డైరెక్టరు గారూ అని పిలిపించుకోవాలని అతనికి ఎప్పటినుంచో కోరిక. పైగా పై అడవిలో ఐరావతయ్య గారని ఒక ఏనుగు, సామర్థ్యం ఉన్న సంస్థలకే చెరుకు బళ్ళు పంపిస్తారని గూడబాతు గారు చెవిలో వేశారు.

"సామర్థ్యమంటే ఏం చెయ్యాలి?" అంది సూదమ్మ.

"దార్శనికత, ధ్యేయం, వ్యూహం, శిక్షణ."

"అందులో మొక్క పీకేది ఎక్కడ?"

"అది తర్వాతి దశ అమ్మా."

మద్దిచెట్టు కింద వర్క్‌షాపు మొదలైంది. చార్టులకి టేకాకులు తెచ్చారు. వాటిని చెట్టుకి గుచ్చడానికి ఏమీ దొరక్క సూదమ్మ ముళ్ళు అడిగారు.

"ముళ్ళిస్తే నేను వసూలు ఎలా చేసేది?"

"గుచ్చి వసూలు చెయ్యడం పాత పద్ధతండీ. ఇకపై అవగాహన పెంచుతాం. మీరు గౌరవ సలహాదారు," అన్నారు గూడబాతు గారు. గౌరవం అనేసరికి సూదమ్మ కూడా కాస్త మెత్తబడి, ముళ్ళన్నీ ఇచ్చేసింది. ఎంత గట్టి ఆడదానికైనా అదొక బలహీనత.

వరాలు ఫీల్డ్ కోఆర్డినేటర్ అయింది. అయినప్పటి నుంచి ఫీల్డుకి వెళ్ళే తీరిక లేదు.

"మీ బలం, బలహీనత రాయండి," అన్నారు గూడబాతు గారు టేకాకు ఇచ్చి.

"నా బలం పళ్ళు. బలహీనత ఈ మీటింగు. వేళ్ళు కొరకాలి, వెళ్ళనివ్వండి."

"భోజనం తర్వాత చర్చిద్దాం," అని ఆయన వరాలు మడుగులోనే ముక్కు ముంచి సంచీ నింపుకున్నారు.

చివరకి బోర్డు లేచింది. 'అటవీ జల పౌరబాధ్యతా సమాఖ్య'. ఆ సాయంత్రం దున్న నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని బయల్దేరాడు.

"అన్నా, శిస్తు?"

"అదేంటి వదినా, ఇప్పుడు సంస్థ ఉందిగా, స్టాఫ్ ఉన్నారుగా! మేం లబ్ధిదారులమట. లబ్ధిదారులు పని చేస్తే సంస్థకు నామోషీ కాదూ?"

సూదమ్మ అలవాటుగా వెనక్కి తిరిగింది. లేపడానికి వీపు మీద ఏముంది? ముళ్ళన్నీ టేకాకుల్లో ఉన్నాయి.

దున్నను చూసి అడవిపంది, దాన్ని చూసి దుప్పులు. ఎవరూ మొక్క ముట్టలేదు. ఎండలు ముదిరేసరికి మడుగు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పచ్చగా, వంగపూవు రంగు పూలతో కళకళలాడింది. నీళ్ళు కావాలంటే ఓ మూల మూతితో తొలుచుకోవాలి.

"కామేశమన్నా, పిల్లలు నిన్నట్నుంచీ పస్తు," అంది వరాలు.

"డైరెక్టరు గారూ అను. రేపు ఐరావతయ్య గారు వస్తున్నారు. చెరుకు వచ్చాక అన్నీ చూద్దాం."

"నా పిల్లలు చెరుకు తినరు."

"అలవాటు చెయ్యి."

"రేపే వాళ్ళని దూరపు ఏటికి తీసుకుపోతాను. అక్కడ మొసళ్ళున్నాయి. కనీసం అవి మీటింగు పెట్టవు."

మర్నాడు ఐరావతయ్య గారు విచ్చేశారు. వరాలు అప్పుడే ఒక పిల్లను నోట కరుచుకుని బొరియలోంచి బయటికొస్తోంది.

"మడుగు ఏది?" అన్నారాయన.

కామేశం ముందుకు దూకాడు. కమ్మేసిందని చెప్తే చెరుకు పోతుంది.

"మడుగు... అవతల ఉందండి. ఇది మా సంస్థ పెంచిన పూలపచ్చిక!"

"ఓహో! ఇంత పచ్చదనమా! దీని మధ్యలో నిలబడి రెండు మాటలు మాట్లాడతాను."

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. వద్దనకపోతే ఏనుగు లోపల పడుతుంది. కామేశం ఆలోచిస్తూనే ఉన్నాడు. ఐరావతయ్య గారు అడుగు వేశారు. రెండో అడుగుకి నేల మిగల్లేదు.

పీకలోతు బురద. కాళ్ళకి గుర్రపుడెక్క వేళ్ళు తాళ్ళలా చుట్టుకున్నాయి. ఘీంకారానికి అడవంతా గట్టు మీదకొచ్చింది, వినోదం చూడ్డానికి.

"స్టాఫ్ ఏరీ?" అన్నాడు దున్న.

"ఎండలు ముదిరాయి, నాకు వలస వేళైంది," అని గూడబాతు గారు ఎగిరిపోయారు.

సూదమ్మ మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తి టేకాకుల్లోంచి ముళ్ళు పీకింది. పీకిన ముల్లు వీపుకి మళ్ళీ అతకదు. నోట కరుచుకుంటే గుచ్చుకోకనూ పోదు. ముందు దున్న పిర్ర మీద ఒకటి దిగింది.

"అమ్మో!"

"లబ్ధిదారుడా! పీకు!"

దున్న పీకాడు. పంది పీకింది. దుప్పులు పీకాయి. కామేశం అధికార హోదా మరిచి రెండు చేతులా పీకాడు. వరాలు పిల్లను గట్టున దింపి నీళ్ళలోకి దూకింది. అడుగున ఏనుగు కాళ్ళ చుట్టూ ఉన్న వేళ్ళన్నీ కొరికింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఐరావతయ్య గారు గట్టెక్కారు. ఆయన వెనక మడుగు మళ్ళీ అద్దంలా ఉంది.

వరాలు పిల్లను మెడ పట్టి తిరిగి బొరియలోకే తీసుకెళ్ళింది.

సూదమ్మ నోట్లో ముల్లుతోనే ఏనుగు ముందుకొచ్చింది. "అయ్యగారూ, నీళ్ళు బాగానే తాగినట్టున్నారు."

"తాగానమ్మా. కావలసినదాని కంటే ఎక్కువే."

"మరి శిస్తు?"

ఆయన ఆ ముల్లు వైపోసారి చూశారు. తొండం చాపి, మిగిలిన దుబ్బొకటి పీకి గట్టున పడేశారు.

గూడబాతు గారు మాత్రం ఇప్పుడు ఇంకో అడవిలో, తన శిక్షణతో ఒక మడుగు ఒక్క పూటలో బాగుపడిన వైనం చెప్తున్నారట. అందులో అబద్ధమేమీ లేదు, అదే విచిత్రం.

నీతి: దాత గట్టున నిలబడితే బోర్డు లేస్తుంది, మడుగులో దిగబడితే పని జరుగుతుంది.