పోయినవాళ్లెవరూ పోలేదు

లైబీరియా నుంచి పరాయి దేశాలకు పోయి, అక్కడి పౌరసత్వం పుచ్చుకున్నవారంతా ఇన్నాళ్లూ లైబీరియన్లుగానే ఉన్నారనీ, ఒక్క రోజు కూడా కాకుండా పోలేదనీ చట్టం వచ్చిందని జిల్లా కమిషనర్ టోగ్బాగారు రబ్బరు తోటల పక్క ఊళ్లో సభ పెట్టి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊళ్లోనే ఉంటున్న యామాకు మాత్రం చిన్న సందేహం మిగిలింది. అంతర్యుద్ధం నాడు అమెరికా పోయిన తమ్ముడు ఫ్లోమో ఇక్కడే ఉంటే, ఇన్నాళ్లూ తన కంటపడలేదేమిటి? కళ్లద్దాలు మార్చుకోవాలేమో అనుకుంది.

మరుసటి వారమే ఫ్లోమో అమెరికా నుంచి దిగాడు. అమ్మ ఇల్లు పడగొట్టి అక్కడ హోటల్ కడతానన్నాడు. ఆ ఇంట్లో ఉంటున్నది యామా. రేకులెగిరిపోతే మళ్లీ వేయించింది తనే, మంచాన పడ్డ అమ్మకు గంజి పోసింది తనే, చివరికి మట్టి చేయించిందీ తనే.

"ఇన్నేళ్ల కిందట పోయినోడివి, ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావురా?" అంది.

"నేను పోయిందెప్పుడక్కా? చట్టం చదివించుకో," అన్నాడు తమ్ముడు.

తగవు కమిషనర్‌గారి ముందుకు వెళ్లింది. ఇంటి కాగితాలు యుద్ధంలో తగలబడ్డాయి గనుక ఆయన సర్వజనామోదమైన పరీక్ష ఒకటి పెట్టారు. ఇక్కడ చేయి చేయి కలిపితే, విడిచేటప్పుడు నడివేళ్లు మెలిపెట్టి చిటిక వేస్తారు. చిటిక మోగితే మనవాడు, మనవాడిదే ఇల్లు. ఫ్లోమో అద్దం ముందు సాధన చేసి వచ్చాడో ఏమో, టపాకాయ పేలినట్టు మోగించాడు. యామా నడివేలు సగం ఎప్పుడో రబ్బరు చెట్లు గీసే కత్తికి పోయింది. చిటిక మోగలేదు.

"ఈమె జాతీయత అనుమానాస్పదం. స్వదేశాన్ని క్షణమైనా వీడని ఫ్లోమోగారిదే ఇల్లు," అని తీర్పు చెప్పారు.

"వీడిక్కడే ఉంటే అమ్మకు గొయ్యి తవ్వడానికి రాలేదేం బాబూ?"

కమిషనర్‌గారు తడుముకోలేదు. "ఆ రోజు ఆయన అమెరికా పౌరుడమ్మా. రెండు పౌరసత్వాలంటే అదే మరి," అన్నారు. ఆ తెలివికి సభ మురిసిపోయింది. యామాకు ఒళ్లు మండిపోయింది, కానీ పాఠం బాగానే వంటబట్టింది.

ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన రోజున తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది.

"యామా, తలుపు తియ్యి," అన్నారు కమిషనర్‌గారు.

"యామా ఊళ్లో లేదు. ఘనా వెళ్లింది," అంది యామా లోపలి నుంచి.

"మాట్లాడుతున్నది నువ్వేగా?"

"పోయినోడు ఇక్కడే ఉన్నాడని మీరే అన్నారుగా బాబూ. ఉన్నదాన్ని పోయిందనుకోడానికి మీకేం నొప్పి?"

ఊళ్లో లేని మనిషిని ఇంట్లోంచి గెంటడమెలాగో ఎవరికీ పాలుపోలేదు. లేని మనిషి వండుతున్న కర్రపెండలం ఆకు కూర ఘుమఘుమలాడుతుంటే, కమిషనర్‌గారు విచారణ నిమిత్తం కిటికీలోంచి ఒక పళ్లెం అన్నం కూర పుచ్చుకుని లాగించి, విషయాన్ని రాజధానిలోని ఒక సంఘానికి నివేదించారు.

ఆ సంఘం ఇంకా సమావేశం కాలేదు. సభ్యులంతా చట్టప్రకారం రాజధానిలోనే ఉన్నారు, కాకపోతే ఎవరికీ కనబడటం లేదు. దేశాన్ని ఇంత గట్టిగా పట్టుకుని వదలనివారు మీ దగ్గరా ఉండే ఉంటారు. వెతక్కండి, దొరకరు. ఓట్లప్పుడు వాళ్లే వస్తారు.