పెంటప్ప లారీకి ఏ ఇంజిన్ మంచిది?

మీకు అయినవాళ్ళు ఎందరున్నారో, వాళ్ళలో ఎంతటి మేధావులున్నారో తెలుసుకోవాలని ఉందా? అయితే వెంటనే మీ పాత లారీ ఇంజిన్ పాడు చేసుకోండి!

లారీయే లేదంటారా? అది మీ దురదృష్టం. షోలాపూర్ నీలం నగర్‌లో ఉండే పెంటప్పకు ఉంది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు హెవీ లారీ. తండ్రి కొమురయ్య మగ్గం వదిలి స్టీరింగ్ పట్టిన రోజుల్లో కొన్నది. ఆయన పోయాక పెంటప్ప నడుపుతున్నాడు. చుట్టుపక్కల పవర్‌లూమ్‌ల మీద నేసిన టవళ్ళూ చద్దర్లూ బేళ్ళు కట్టి హైదరాబాద్‌కు చేరవేయడం అతని పని. ఇన్నేళ్ళలో అతన్ని ఆపి "మంచిగున్నవా పెంటప్పా?" అని అడిగినవాళ్ళు తక్కువ. "మాల్ ఎప్పుడు చేరుతది?" అని అడిగినవాళ్ళే ఎక్కువ.

ఆ కొరత కుంఠా నాకా దగ్గర తీరిపోయింది. నిండా టవళ్ళతో పోతున్న లారీ ఫెళ్ళుమంది. నల్లటి పొగ వదిలి, ఆయిలంతా రోడ్డు మీద కక్కి ఆగింది. బేళ్ళను ఎవరిదో కొత్త బండి ఎక్కించుకుపోయింది. లారీ మాత్రం ట్రాక్టర్ వెనక తాడు పట్టుకుని ఇల్లు చేరింది.

మెకానిక్ మల్లప్ప బానెట్ ఎత్తి లోపలికి తల పెట్టాడు. చాలాసేపటికి గాని తీయలేదు.

"రాడ్ విరిగి బ్లాక్‌నే చీల్చింది. ఇగ ఇది ఖతం. వేరే ఇంజిన్ ఎక్కియ్యాలె."

"ఏ ఇంజిన్?" అన్నాడు పెంటప్ప.

ఆ రెండు మాటలూ గట్టిగా అన్నాడు. వాడకట్టంతా విన్నది. అక్కడి నుంచి అతని జాతకమే మారిపోయింది!

ముందుగా వచ్చినవాడు పాండురంగ్. ఎదురు వీధిలో పవర్‌లూమ్‌ల యజమాని. జన్మలో స్కూటర్ తప్ప మరొకటి నడపలేదు. కాబట్టి ఏ పక్షమూ లేకుండా మాట్లాడగలిగిన మనిషి.

"టర్బో పెట్టు పెంటప్పా! నల్దుర్గ్ ఘాట్ల విమానం లెక్క పోవాలె."

"బరోబర్" అన్నాడు మల్లప్ప. "అది అయితది."

తర్వాత నిలేష్ వచ్చాడు. పూణేలో కంప్యూటర్ ఉద్యోగం, సెలవు మీద ఇంటికొచ్చాడు. "మామా, డీజిల్ జమానా అయిపోయింది. ఎలక్ట్రిక్ మోటర్ పెట్టు."

"బ్యాటరీలు ఏడ పెడ్తం?"

"వెనక బాడీల."

"మరి మాల్?"

నిలేష్ కాస్త ఆలోచించాడు. "అది వేరే ఇష్యూ మామా. తర్వాత చూద్దాం."

అంటే లారీ తన బ్యాటరీలను తానే మోసుకుంటూ హైదరాబాద్ వెళ్ళి, మళ్ళీ వాటిని భద్రంగా తెచ్చి షోలాపూర్‌లో దించుతుంది. పొగ రాదు, దుమ్ము రాదు, కిరాయి కూడా రాదు! "హో, అది భీ అయితది" అన్నాడు మల్లప్ప. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళతో ఏకీభవించడం ఆయన వృత్తి ధర్మం.

సలహాలు పెరిగేసరికి నిలేష్ వాట్సాప్ గ్రూప్ తెరిచాడు. పేరు 'పెంటప్ప ఇంజిన్ కమిటీ'. పొద్దున లేస్తే గులాబీ పువ్వు పక్కన డీజిల్ పంపు బొమ్మ, కింద శుభోదయం! భివండీ నుంచి ఒక బంధువు ఓడ ఇంజిన్ వీడియో పంపి, ఇది సరిపోతుందేమో కొలిచి చూడమన్నాడు. రిటైరైన మాస్టారొకరు అసలు ఇంజినే వద్దన్నారు. లారీకి రంగు వేయించి అశోక్ చౌక్‌లో స్మారకంగా నిలబెట్టాలన్నది ఆయన ప్రతిపాదన. ఓటింగ్ పెడితే దానికీ ఓట్లు పడ్డాయి.

గ్రూపులో చర్చిస్తే నోరు తడవదు కదా! అందుకని సాయంత్రమయ్యేసరికి అందరూ పెంటప్ప ఇంటి ముందుకే వచ్చేవారు. అతని భార్య సుమిత్ర వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. కమిటీ రాగానే చేట పక్కన పెట్టి లేవాలి. "ఇంజిన్ల ఆయిల్ పోసుడు బంద్ అయింది గని, ఈళ్ళకు చాయ్ పోసుడు షురూ అయింది" అని గొణిగేది. పెంటప్ప వినిపించుకునేవాడు కాదు. ఇంతమంది తన గురించి ఇంతగా ఆలోచిస్తుంటే ఎవరికి సంతోషం కాదు చెప్పండి?

నిజానికి అతని మనసులోనూ ఒక ఇంజిన్ ఉంది. పోయినలాంటిదే, అదే మోడల్. ఆ గేర్లు దానికి అలవాటు, ఆ క్లచ్ తన కాలికి అలవాటు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కేబిన్ ఎక్కి, కదలని బండిలోనే గేర్లు మార్చుకుంటూ కూర్చునేవాడు. ఒకసారి ధైర్యం చేసి కమిటీ ముందు నోరు విప్పాడు.

"అసొంటిదే పాతది దొరికితే..."

"పాతది దీసి పాతదే పెడ్తవా?" పాండురంగ్ చాయ్ పొలమారేలా నవ్వాడు. అందరూ నవ్వారు. పెంటప్ప కూడా మర్యాద కోసం నవ్వాడు.

చివరికి టర్బోయే గెలిచింది. పాండురంగ్ తనకు తెలిసిన పాత సామాన్ల వ్యాపారి దగ్గర్నించి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే షరతు మీద, కొత్తరకం ఇంజిన్ తెప్పించాడు. అది లారీలో పట్టలేదు. మల్లప్ప చాసిస్ మీద ఇంజిన్ కూర్చునే పాత దిమ్మెలు కోసి కొత్తవి అతికించాడు. రేడియేటర్‌ను ముందుకు జరిపాడు. బానెట్ మూతపడకపోతే తాడుతో కట్టాడు. అసలే ముక్కు బండి, ఇప్పుడు ఆ ముక్కు ఇంకో జానెడు ముందుకొచ్చింది!

ట్రయల్ రోజున కేబిన్‌లో పెంటప్ప పక్కన పాండురంగ్ ఎక్కాడు. మెడలో దండ ఒకటే తక్కువ. అశోక్ చౌక్‌లో పచ్చ లైటు పడింది. పెంటప్ప యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ కొత్త బలానికి పాత లారీ ఒళ్ళంతా వణికింది. కింద ఏదో ఫట్‌మంది. ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు పోయే ఇనుప షాఫ్ట్ ఊడి రోడ్డు మీద పడింది. ఇంజిన్ గర్జిస్తోంది, లారీ కదలదు! వెనక సిటీ బస్సు, దాని వెనక రిక్షాలు, ఆ వెనక ఒక పెళ్ళి బ్యాండు. అందరి హారన్లూ పెంటప్ప చెవుల్లోనే.

పాండురంగ్ కేబిన్ దిగి చొక్కా దులుపుకున్నాడు. "నేను ముందుగాల్నే చెప్పిన" అన్నాడు.

ఏమి చెప్పాడో ఎవరూ అడగలేదు. గ్రూపులో కూడా అందరూ అదే రాశారు. టర్బోకు ఓటేసినవాళ్ళు కాస్త పెద్ద అక్షరాలతో రాశారు.

పెంటప్ప ఆ షాఫ్ట్‌ను పక్కన పెట్టుకుని డివైడర్ మీద కూర్చున్నాడు. తండ్రి బండి నడిరోడ్డు మీద అలా నోరు తాడుతో కట్టుకుని నిలబడితే, దానివైపు చూడలేక తల తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక అన్నం కూడా ముట్టలేదు.

సుమిత్ర చేట పక్కన పెట్టింది. ఈసారి చాయ్ కోసం కాదు.

"ఏమయ్యా, బండి నడిపేది పాండురంగ్ అన్ననా, నువ్వా?"

"నేనే."

"మరి నీకేం గావాలె?"

"మా నాయిన నడిపిన అసొంటిదే."

"గంతేనా? ఇన్ని దినాలు గా మాట గట్టిగ ఎందుకు చెప్పలె?"

"అందరు నా మంచికే చెప్తున్రు గద..."

"రేపటి సంది చాయ్ బంద్" అంది సుమిత్ర.

మహాసభలను ఇంత అహింసాయుతంగా రద్దు చేసిన పద్ధతి ఇంకొకటి ఉంటే చెప్పండి! మరునాడు ఇద్దరు వచ్చారు. ఆ మరునాడు ఎవరూ రాలేదు. పెంటప్ప టర్బోను వాపసు ఇచ్చి, మల్లప్పను వెంటబెట్టుకుని పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. విప్పేసిన ఒక నీళ్ళ ట్యాంకర్‌లో అదే మోడల్ ఇంజిన్ కనిపించింది. చుట్టూ మసి. పెంటప్ప దాని మీద చెయ్యి వేసి, "ఇదే" అన్నాడు. మల్లప్ప అలవాటు కొద్దీ "బరోబర్" అన్నాడు. ఈసారి నిజంగానే బరోబర్. దిమ్మెలు మళ్ళీ పాత చోట అతికించి, కొత్త షాఫ్ట్ వేసి, ఇంజిన్‌ను దించగానే అది గేర్‌బాక్స్ పక్కన ఒద్దికగా కూర్చుంది. బానెట్ మూతపడింది. ఆర్టీవో ఆఫీసులో ఇంజిన్ నంబర్ కూడా మార్పించాడు.

సుమిత్ర కొబ్బరికాయ కొట్టింది. లారీ స్టార్ట్ అయింది. ఆ మోతకు కమిటీ మొత్తం పరుగున వచ్చింది. ఫొటోలు, అభినందనలు! "అసలు పాతదే మంచిదని నేను ఎప్పటి సంది అనుకుంటున్న" అన్నాడు పాండురంగ్.

"అన్నా, మరి మాల్ ఎప్పుడు ఎక్కియ్యాలె?" అన్నాడు పెంటప్ప.

సలహాల గని అయిన పాండురంగ్ తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"మాల్ అంటే... గా కొత్త బండోనికి ఏడాది కాంట్రాక్ట్ ఇచ్చిన. నీది నిలవడ్డది గద. ధందా ఆగుతదా, నువ్వే చెప్పు?"

కమిటీలోని తక్కిన లూమ్‌ల యజమానులూ ఆ బండికే ఇచ్చేశారు. అంటే ఇన్నాళ్ళూ పొద్దున బేళ్ళు ఆ బండికెక్కించి, సాయంత్రం వచ్చి ఈ బండికి ఏ ఇంజిన్ మంచిదో తేల్చుతున్నారన్నమాట! తప్పుపట్టకండి. సరుకు ఒకరికీ, సానుభూతి ఒకరికీ ఇచ్చారు. ఇద్దరికీ అన్యాయం చేయలేదు.

పెంటప్ప కేబిన్ ఎక్కాడు. లారీని నేరుగా మార్కెట్ యార్డుకు తోలాడు. అక్కడ ఉల్లిగడ్డల గుట్టల మధ్య నిలబడ్డ ఒక వ్యాపారి, ఎవరో ఏమో, లారీని ఒకసారి చూసి, బండి హైదరాబాద్ పోతుందా అని మరాఠీలో అడిగాడు.

"గాడీ హైదరాబాద్‌లా జాయీల్ కా?"

"జాయీల్" అన్నాడు పెంటప్ప. ఇంకో ప్రశ్న వస్తుందని నిలబడ్డాడు. రాలేదు. తనకే ఆగక, "ఇంజిన్ పాతదే సేఠ్, గని..." అని మొదలుపెట్టాడు. వ్యాపారి అప్పటికే హమాలీలను కేకేస్తున్నాడు.

బస్తాలు నిండాయి. లారీ ఊరు దాటి హైదరాబాద్ రోడ్డెక్కింది. అప్పుడు ఫోన్ మోగింది. పాండురంగ్!

"ఉల్లిగడ్డ ఎక్కిచ్చినవంట గద! మీద తాడిపత్రి పట్టా మొత్తం కప్పకు, గాలి ఆడాలె. ఇంకోటి చెప్త విను..."

పెంటప్ప యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కాడు. కేబిన్ అంతా దద్దరిల్లింది.

"ఏం ఇనవడ్తలేదన్నా! ఇంజిన్ చప్పుడు!"

ఇన్ని సలహాలిచ్చిన కమిటీలో పాత ఇంజిన్‌కున్న ఈ ఒక్క సుగుణం సంగతి ఎవరూ చెప్పలేదు చూడండి.