కొండల్ కారు బ్యాటరీని తిన్నదెవరు

ఆదివారం పొద్దున్నే తల్లిని, భార్యను, బావమరిదిని కారెక్కించుకుని యాదగిరిగుట్టకు పోవాలని కొండల్ పాలు పితుకుతూ నిర్ణయించుకున్నాడు. ఉప్పుగూడలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే మనిషికి గుట్ట ప్రయాణం పెద్ద విషయమేం కాదు. బావమరిది సాయికుమార్‌ను సొంత కారులో తిప్పడమే పెద్ద విషయం. కారు కొన్ననాడు ఆ మహానుభావుడు చుట్టాలందరి ముందు, "సెకండ్ హ్యాండ్ బండి గదా బావా, తోసుడుకు మాత్రం నన్ను పిలువకు" అన్నాడు. ఆ మాట కొండల్‌కు అన్నంలో రాయిలా ఇంకా తగులుతూనే ఉంది.

నిర్ణయం బాగానే ఉంది, కారే బాగాలేదు. పగలంతా బుద్ధిగా తిరిగేది. తెల్లారి తాళంచెవి తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. అదుండేది బర్రెల కొట్టంలో, గోడకు ముఖం పెట్టుకుని. గడ్డి దుమ్ము పడకుండా పైన మందపాటి టార్పాలిన్. రాత్రిపూట దాన్ని ముట్టుకునే మనిషి లేడు. బ్యాటరీ చూస్తే కొత్తది.

మెకానిక్ ప్రేమ్‌రాజ్ వచ్చి, తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి బండిని లేపాడు. "ఏదో కరెంటు తాగుతుంది అన్నా. బండి పండుకున్నా అది పండుకుంటలేదు. ఒక్కొక్కటి పీకి చూద్దాం, ఫికర్ చెయ్యకు."

ముందు పాటల డబ్బా పీకాడు. తెల్లారి కారు లేవలేదు. గడియారం పీకాడు, లేవలేదు. చివరికి హారన్ కూడా పీకి సంచిలో వేసుకున్నాడు. అయినా లేవలేదు. ప్రేమ్‌రాజ్ ధైర్యం మాత్రం చెక్కుచెదరలేదు. "మంచిదే గదా అన్నా, అది కాదని తెలిసింది" అనేవాడు ప్రతిసారీ.

"ఇట్లనే ఇడిస్తే చక్రాలు గూడ కరెంటు తాగుతున్నయంటడు" అంది కొండల్ భార్య అమల.

తల్లి శారదమ్మది వేరే లెక్క. "దిష్టిరా. గల్లీల అందరి కండ్లు దీని మీదనే" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. బండి బెంగతో కొట్టంలోనే ఎక్కువసేపు గడపసాగింది. ఈ వయసులో ఆమెకెందుకీ తిప్పలని కొండల్‌కు జాలేసింది.

శనివారం ప్రేమ్‌రాజ్ ఆఖరి అస్త్రం తీశాడు. "బ్యాటరీనే ఇప్పి ఇంట్ల పెట్టుకో అన్నా. కంచమే లేకపోతే తినెటోడు ఏం తింటడు? పొద్దుగాల బిగించుకొని పో. రేపు నేను దొరుకను, మా మేనమామ బిడ్డ పెండ్లి."

కొండల్ బ్యాటరీని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి ఫ్రిజ్ పక్కన పెట్టి, సాయికుమార్‌కు ఫోన్ చేశాడు. "పొద్దుగాల్నే వచ్చెయ్. బండి రెడీ."

దీపాలవేళ శారదమ్మ కొట్టంలోంచి కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చింది. "రేపు ప్రయాణం వద్దు బిడ్డా. బండిల దీపం ఎలుగుతలేదు."

"బండిల దీపమేందే అమ్మా?"

"రోజు పెట్టేదే. మీ బాపు పోయేదాక సైకిల్ మీదనే పాలు పోసిండు. మనింటికొచ్చిన మొదటి లక్ష్మి ఇది. పొద్దుగూకినంక లక్ష్మిని చీకట్ల పెడ్తరా? గందుకే ముంగటి పెద్ద లైట్లు ఏస్తున్న. తెల్లారి పెండ తియ్యపోయేటాళ్లకు అవే కొండెక్కి ఉంటయ్. అప్పుడు బొత్తాం మళ్లిస్తున్న. బండికి పానం బాగలేదని ఈ నడుమ జర ముందుగాలనే పెడుతున్న."

అమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "జరసేపుంచి ఆర్పొచ్చు గదా అత్తమ్మా" అంది ఎలాగో.

"పెట్టిన దీపాన్ని ఎవరన్న ఆర్పుతరా?"

బ్యాటరీ సంగతి కొండల్ విడమరచి చెప్పాడు. ఆమెకు అందులో ఒక్కటే అర్థమైంది, బ్యాటరీ పెడితే దీపం వెలుగుతుందని. "అయితే పెట్టు. దీపం ఎలిగితేనే రేపు గుట్టకు పోవుడు."

కొండల్ బిగించాడు. లైట్ల వెలుగు గోడంతా పరుచుకుంది. శారదమ్మ చేతులు జోడించి, తృప్తిగా లోపలికి పోయింది. కొండల్ చేయి బొత్తాం దాకా పోయింది. రేపు సాయికుమార్ నవ్వబోయే నవ్వు కళ్లముందు ఆడింది. వెంటనే పాలక్యాన్లతో సైకిల్ తొక్కుతున్న బాపు గుర్తొచ్చాడు. తల్లి మీద కోపం రావలసిన చోట ప్రేమ పొంగుకొచ్చింది. చేయి వెనక్కి తీసుకుని, టార్పాలిన్ కప్పాడు.

ఆదివారం సాయికుమార్ ఇస్త్రీ చొక్కాలో దిగాడు. అందరూ కారెక్కారు. కొండల్ తాళంచెవి తిప్పాడు. టక్కుమని కూడా అనలేదు. సాయికుమార్ నవ్వడానికి నోరు తెరిచాడు.

"రాత్రంత బండి లైట్ల దీపం నిలిచింది బిడ్డా" అంది శారదమ్మ వెనక సీట్లోంచి సాయికుమార్‌తో. "నువ్వే చెప్పు, పెట్టిన దీపం ఆర్పొచ్చునా?"

తెరిచిన నోరు మెల్లగా మూతపడింది. "ఆర్పొద్దు అత్తమ్మా. మా ఇంట్ల గూడ ఆర్పరు."

"మరి దిగి తొయ్యి నాయనా."

సాయికుమార్ దిగి, చొక్కా చేతులు మడిచాడు. కారును వెనక్కి లాగి, గల్లీ వైపు తిప్పి తోశాడు. కొండల్ స్టీరింగ్ పట్టుకుని రాజాలా కూర్చున్నాడు. కారు కాస్త ఊపందుకునేసరికి, మేతకు విడిచిన సొంత బర్రెలే గల్లీకి అడ్డంగా నిలబడ్డాయి.

"హారన్ కొట్టు బావా" అన్నాడు సాయికుమార్ వెనక నుంచి ఆయాసపడుతూ.

హారన్ ప్రేమ్‌రాజ్ దుకాణంలో ఉంది.